ఒక రిజిస్టరు, ఒక చేయి: మద్రాసు రైల్వే రిజర్వేషన్ కంప్యూటరు దాకా నడిచిన దారి

ఒక సంస్థ తన పనికి కావలసిన సమాచారం ఎక్కడ పుట్టాలి, ఎవరి చేతిలో ఉండాలి, ఏ పరికరం మీద నడవాలి, వీటిలో ఏది ముందు చేపట్టాలి, ఏది తర్వాతకు ఆపాలి అని ఆలోచించి నిర్ణయించుకునే పథకాన్ని ఈనాటి నిర్వహణ శాస్త్రం సమాచార సాంకేతిక వ్యూహం అంటుంది. పేరు కొత్తదే గాని పని కంప్యూటర్ల కన్నా చాలా పాతది. దక్షిణాదిన ఆ పనిని అందరికన్నా ఎక్కువ కాలం, ఎక్కువ మంది ప్రజలతో ముడిపెట్టుకుని చేసిన సంస్థ రైల్వే. దానికి కేంద్రం మద్రాసు. 1987లో ఆ నగరంలో కంప్యూటరు రిజర్వేషన్ మొదలైనప్పుడు యంత్రం కొత్తది, తెర కొత్తది, టికెట్ కాగితం కూడా కొత్తదే. అయితే ఆ యంత్రంలోకి ఎక్కిన తర్కం మాత్రం అంతకు ముందు దశాబ్దాల తరబడి బుకింగ్ గుమాస్తాల రిజిస్టర్లలో రూపు దిద్దుకున్నది. కంప్యూటరీకరణ గురించి రాసినవారు యంత్రాలకు, కంప్యూటరు కార్యక్రమాలు (ప్రోగ్రాములు) రాసిన ఇంజనీర్లకు ఇచ్చిన చోటు ఆ గుమాస్తాలకు ఇవ్వలేదు. అది చరిత్రకు జరిగిన లోటు.

దక్షిణాదిన తొలి ప్రయాణికుల రైలు 1856 జూలై 1న రాయపురం నుంచి వాలాజా రోడ్డు దాకా నడిచింది. నడిపినది మద్రాస్ రైల్వే కంపెనీ. రైలు కన్నా ముందు వెళ్లి దాని రాకను తెలిపే టెలిగ్రాఫు తీగ రైల్వేకు అందిన తొలి సమాచార సాధనం. ఒకే పట్టాల మీద ఎదురెదురుగా రెండు బండ్లు రాకుండా ఆపే 'లైన్ క్లియర్' అనే అనుమతి పక్క స్టేషను నుంచి అందేది ఆ తీగ మీదే. 1873లో సెంట్రల్ స్టేషను, 1908లో ఎగ్మూరు స్టేషను వచ్చాయి. సెంట్రల్ పక్కనే రాతి గోపురాలతో కనిపించే ప్రధాన కార్యాలయ భవనం 1922లో మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే కోసం తెరిచినది. ఆ కంపెనీని, సౌత్ ఇండియన్ రైల్వేను, మైసూరు రైల్వేను కలిపి 1951 ఏప్రిల్ 14న దక్షిణ రైల్వేను ఏర్పాటు చేశారు. 1966 అక్టోబరు 2న సికింద్రాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడేదాకా బెజవాడ డివిజను, ఆ తర్వాత మరో పదకొండేళ్ల పాటు గుంతకల్లు డివిజను మద్రాసు అధీనంలోనే ఉన్నాయి. కాబట్టి ఇక్కడ చెప్పే గుమాస్తాలలో తెలుగువారూ తక్కువేమీ కారు.

రైల్వే లెక్కలన్నిటికీ మూలం అరచేతిలో ఇమిడే ఒక అట్టముక్క. 1830ల చివర ఇంగ్లండులో థామస్ ఎడ్మండ్‌సన్ అనే స్టేషను ఉద్యోగి రూపొందించిన ఆ టికెట్ 57 మిల్లీమీటర్ల పొడవు, 30 మిల్లీమీటర్ల పైచిలుకు వెడల్పుతో ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చింది. దాని గొప్పదనం అట్టలో లేదు, దాని మీద ముందే అచ్చయిన వరుస సంఖ్యలో ఉంది. అంతకు ముందు గుమాస్తా కాగితం మీద చేత్తో రాసిచ్చిన టికెట్టుకు లెక్క అతని నిజాయితీ మీదే ఆధారపడేది. ఎడ్మండ్‌సన్ టికెట్ వచ్చాక లెక్క సంఖ్య మీద ఆధారపడింది. ఒక్కో గమ్యానికి, ఒక్కో తరగతికి ఒక్కో గొట్టంలో టికెట్లు వరుసగా పేర్చి ఉండేవి. గుమాస్తా ఒకటి లాగి, తేదీ వేసే ఇనుప యంత్రం నోట్లో పెట్టి నొక్కితే టకామని తేదీ పడేది. రోజు పని మొదలయ్యేటప్పుడు గొట్టంలో ఉన్న మొదటి టికెట్ సంఖ్యను కమెన్సింగ్ నంబరని, పని ముగిసేటప్పుడు ఉన్న సంఖ్యను క్లోజింగ్ నంబరని రోజువారీ క్యాష్ బుక్కులో రాసేవారు. రెంటికీ ఉన్న తేడాను టికెట్ ధరతో హెచ్చిస్తే గల్లాలో ఎంత ఉండాలో తేలేది. పిల్లల టికెట్టుకు అట్ట మూల కత్తిరించి ఇచ్చి, ఆ కత్తిరించిన ముక్కను సగం ధరకు సాక్ష్యంగా లెక్కల కార్యాలయానికి పంపేవారు. చదువుకున్న తనిఖీదారు ఒక్కడు ఎక్కడో మద్రాసులో కూర్చుని, వందల మైళ్ల దూరంలోని ఒక చిన్న స్టేషను గల్లాను ఈ సంఖ్యలతోనే సరిచూడగలిగేవాడు. సమాచార వ్యవస్థకు ఉండవలసిన లక్షణాలు, అంటే ఒకసారి నమోదైనది మళ్లీ మారకపోవడం, ఎవరు ఎప్పుడు ఏం చేశారో తర్వాత పట్టుకోగలగడం, ఈ అట్టముక్కలో అప్పటికే ఉన్నాయి.

అట్ట టికెట్ ప్రయాణానికి హక్కు ఇస్తుంది గాని ఫలానా బెర్తు అని చెప్పలేదు. దూర ప్రయాణాల్లో పడుకునే చోటును ముందుగా కేటాయించడం మొదలయ్యాక రైల్వేకు కొత్త సమస్య ఎదురైంది. టికెట్ ఎన్ని అమ్మినా వరుస సంఖ్య పెరుగుతూ పోతుంది. బెర్తులు మాత్రం బోగీలో ఉన్నన్నే. ఒకే బెర్తు ఇద్దరికి ఇవ్వకూడదు, ఖాళీగా ఉన్నది లేదనకూడదు, రద్దయినది వెంటనే మరొకరికి చేరాలి. దీనికి దొరికిన పరిష్కారం రిజర్వేషన్ రిజిస్టరు. రైలు పేరు, ప్రయాణ తేదీ, తరగతి, బోగీ: ఈ నాలుగింటికి కలిపి ఒక పుట ఉండేది, ఆ పుటలో బెర్తుల సంఖ్యలు ముందే వరుసగా వేసి, ఒక్కొక్క దాని ఎదుట ప్రయాణికుడి పేరు, వయసు, టికెట్ సంఖ్య, దిగే స్టేషను రాసేవారు. ప్రయాణికుడు చీటీ నింపి కిటికీలో ఇస్తే, గుమాస్తా పుట తిప్పి, ఖాళీ చూసి, పేరు ఎక్కించి, అట్ట టికెట్ వెనకవైపు బోగీ, బెర్తు సంఖ్యలు సిరాతో రాసి ఇచ్చేవాడు. బండి బయలుదేరే రోజున ఆ పుట నుంచి చార్టు నకళ్లు చేత్తో రాసి, ఒకటి బోగీ తలుపు పక్కన అతికించి, ఒకటి ప్లాట్‌ఫారం బోర్డు మీద పెట్టి, ఒకటి టీటీఈ చేతికి ఇచ్చేవారు.

ఈ ఏర్పాటులో చాలామంది గమనించని ఒక భద్రత ఉంది. ఒక పుట ఒక సమయంలో ఒక్క చేతిలోనే ఉండగలదు. చార్మినార్ ఎక్స్‌ప్రెస్ రిజిస్టరు ఒక కిటికీ లోపల ఉంటే, ఆ బండికి బెర్తు ఇవ్వగల మనిషి ఆ కిటికీ వెనక ఉన్న గుమాస్తా ఒక్కడే. కాబట్టి చేతిపొరపాటు జరిగితే తప్ప ఒకే బెర్తు రెండు పేర్లకు పడే వీలు లేదు. ఒక రిజిస్టరు, ఒక చేయి అన్న ఈ సూత్రమే మొత్తం వ్యవస్థను నిలబెట్టింది. దానికి మూల్యం చెల్లించినది ప్రజలు. కాకినాడ వెళ్లే సర్కార్ ఎక్స్‌ప్రెస్‌కు ఒక క్యూ, హౌరా వెళ్లే కోరమాండల్‌కు మరో క్యూ, ఢిల్లీ వెళ్లే గ్రాండ్ ట్రంకుకు ఇంకో క్యూ. ఒకదానిలో గంటలు నిలబడి, బెర్తు లేదని తేలాక, మరో బండిలో ప్రయత్నించాలంటే మళ్లీ మరో క్యూ చివర చేరాలి. పక్క కిటికీలో గుమాస్తా ఖాళీగా కూర్చున్నా అతని చేతిలో ఆ రిజిస్టరు లేదు గనుక సాయపడలేడు. సెలవుల ముందు జనం రాత్రే వచ్చి దుప్పటి పరుచుకుని క్యూలో పడుకునేవారు; ఆ క్యూల చుట్టూ దళారుల వ్యాపారం పెరిగింది.

దూరపు స్టేషన్ల సంగతి మరింత చిక్కు. మద్రాసులో బయలుదేరే బండిలో దారిలో ఎక్కేవారికి కొన్ని బెర్తులు కేటాయించి ఉంచడాన్ని కోటా అంటారు. ఉదాహరణకు బెజవాడలో ఎక్కేవారికి ఇన్ని బెర్తులని కేటాయిస్తే, వాటి లెక్క బెజవాడలోనే ఉంటుంది గనుక మద్రాసు గుమాస్తా వాటిని ముట్టుకోనవసరం లేదు. కోటా మించి అడిగేవారికోసం, తిరుగు ప్రయాణం కోసం అక్కడి స్టేషనుకు తంతి పంపి, జవాబు తంతి కోసం ఎదురుచూడాలి. మహిళలకు, అత్యవసర ప్రయాణికులకు వేరువేరు కోటాలు; రద్దయిన వాటిని ఆశించి నిలబడేవారికి వెయిటింగ్ లిస్టు; కూర్చునే చోటు ఖాయం చేసి, రద్దయితే పడుకునే చోటు ఇచ్చే ఆర్.ఏ.సి.; దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకు రేటు తగ్గే చార్జీల పట్టిక; వృద్ధులకు, విద్యార్థులకు, రోగులకు రాయితీలు; ప్రయాణానికి ఎన్ని గంటల ముందు రద్దు చేసుకుంటే ఎంత కోత అన్న నిబంధనలు: ఇవన్నీ కొంత ముద్రిత నియమావళిలో, మిగిలినది అనుభవజ్ఞుడైన గుమాస్తా తలలో ఉండేవి.

రైల్వేలోకి కంప్యూటరు ఈ కిటికీ గుండా రాలేదు. 1960వ దశకంలో జోనల్ రైల్వేలతో పాటు, 1955లో మద్రాసు పెరంబూరులో ప్రారంభమైన ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ వంటి ఉత్పత్తి కేంద్రాలలోనూ ఐ.బి.ఎం. 1401 యంత్రాలు నెలకొన్నాయి. గదినిండా పరుచుకునే ఆ యంత్రానికి గరిష్ఠంగా 16,000 అక్షరాల జ్ఞాపకశక్తి మాత్రమే ఉండేది. అందులోకి సమాచారం చిల్లులు పొడిచిన అట్టకార్డుల మీద వెళ్లేది. జీతాల పట్టీలు, స్టోర్సులోని సరకుల లెక్క, సరకు రవాణా ఆదాయం పద్దులు, గణాంకాలు దానికి అప్పగించారు. ఇది తెలివైన ఎంపికే గాని ధైర్యమైన ఎంపిక కాదు. ఈ పనులన్నీ పోగుచేసి ఒకేసారి నడిపించదగినవి. నేటి లెక్క రేపు వచ్చినా బండి ఆగదు. ఇలా పోగుపడిన సమాచారాన్ని ఒక విడతగా నడిపే పద్ధతిని బ్యాచ్ ప్రాసెసింగ్ అంటారు. ఎదురుగా ప్రయాణికుడు నిలబడి ఉండగా జవాబు చెప్పవలసిన రిజర్వేషన్ అలాంటిది కాదు. దానికి ప్రశ్న పడిన క్షణంలోనే జవాబిచ్చే ఆన్‌లైన్ యంత్రం కావాలి. అలాంటివి ప్రపంచంలో లేకపోలేదు. జపాన్ జాతీయ రైల్వే 1960లోనే మార్స్ అనే సీట్ల కేటాయింపు యంత్రాన్ని నడిపింది. అమెరికన్ ఎయిర్‌లైన్స్, ఐ.బి.ఎం. కలిసి తయారుచేసిన సేబర్ వ్యవస్థ అదే దశకంలో విమాన టికెట్లకు అక్కరకు వచ్చింది. భారతదేశంలో ఆ అడుగు వేయడానికి మరో పాతికేళ్లు పట్టింది.

ఆ ఆలస్యానికి డబ్బు, దిగుమతి ఆంక్షలు, టెలిఫోను లైన్ల దుస్థితి కారణాలు. ఉద్యోగుల భయం కూడా ఒకటి. కంప్యూటరు వస్తే గుమాస్తా కొలువు పోతుందన్న ఆందోళన 1960లలో జీవిత బీమా సంస్థలో పెద్ద పోరాటంగా మారింది. యాంత్రీకరణ మంచిచెడ్డలు పరిశీలించడానికి కేంద్ర ప్రభుత్వం వి.ఎం. దండేకర్ అధ్యక్షతన సంఘాన్ని వేసింది. 1974 మే నెలలో దేశమంతటా రైల్వే కార్మికులు చేసిన సమ్మె తర్వాత ఏ మార్పునైనా సంఘాలతో మాట్లాడకుండా తలపెట్టడం రైల్వే యాజమాన్యానికి సాధ్యమయ్యేది కాదు. ఈ భయాన్ని వెనకబాటుతనంగా కొట్టిపారేసే రాతలు చాలా వచ్చాయి. అది న్యాయం కాదు. తన కొలువు ఏమవుతుందో చెప్పని పథకాన్ని ఉద్యోగి నమ్మకపోవడంలో తప్పు లేదు. రిజర్వేషన్ విషయంలో ఆ నమ్మకం కుదిరింది. రిజిస్టరు రాసిన చేతులకే కీబోర్డు నేర్పి అదే కిటికీ వెనక కూర్చోబెట్టారు.

1978లో ఐ.బి.ఎం. దేశం విడిచి వెళ్లింది. అది వదిలివెళ్లిన యంత్రాల నిర్వహణ కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్ అనే ప్రభుత్వ సంస్థ చేతికి వచ్చింది, తర్వాత సి.ఎం.సి.గా పేరుపడిన ఆ సంస్థ, ఇతరుల యంత్రాలను బాగుచేయడంతో ఆగక, పెద్ద వ్యవస్థలను స్వయంగా నిర్మించే స్థాయికి ఎదిగింది. రైల్వే రిజర్వేషన్ కార్యక్రమాన్ని విదేశాల నుంచి తయారుగా కొనకుండా ఈ సంస్థకే అప్పగించడం ఆ కాలపు నిర్ణయాలన్నిటిలో ముఖ్యమైనది. విమాన టికెట్ల కోసం రాసిన కార్యక్రమంలో ఆర్.ఏ.సి. లేదు, దారి స్టేషన్ల కోటాలు లేవు, ఒకే బెర్తు నెల్లూరు దాకా ఒకరికి, నెల్లూరు నుంచి మరొకరికి ఇచ్చే వీలు లేదు. ఇంప్రెస్ అనే పేరుతో సి.ఎం.సి. రాసిన కార్యక్రమం డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ వారి వ్యాక్స్ యంత్రాల మీద నడిచింది. అది 1985లో న్యూఢిల్లీలో ప్రయోగాత్మకంగా మొదలై, 1987 నాటికి బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరాలకు, 1989లో సికింద్రాబాదుకు విస్తరించింది.

కార్యక్రమం రాయాలంటే ముందు నియమాలన్నీ తేటగా చెప్పాలి. గుమాస్తా తలలో ఉన్నప్పుడు ఒక నియమానికి రెండు అర్థాలు ఉన్నా పని గడుస్తుంది. సందేహం వస్తే సూపర్‌వైజరును అడుగుతాడు. యంత్రం అడగదు. కోటాలో మిగిలినవి ఎప్పుడు వెయిటింగ్ లిస్టుకు కలపాలి, రద్దయిన కింది బెర్తు ఎవరికి ముందు చేరాలి, ఒకే చీటీ మీద ఆరుగురు ఉంటే నలుగురికి దొరికినప్పుడు ఏం చేయాలి వంటి ప్రశ్నలకు ఒక్కటే జవాబు ఖాయం చేయవలసి వచ్చింది. ఈ వ్యూహంలో యంత్రం కొనడం కన్నా కష్టమైన భాగం ఇదే. ఇంతకాలం రిజిస్టర్లతో మెలిగినవారు లేకపోతే ఇది సాధ్యపడేది కాదు. ఇక ఒక రిజిస్టరు, ఒక చేయి అన్న సూత్రం యంత్రంలో మరో రూపం ఎత్తింది. ఎన్ని కిటికీలలో ఎందరు గుమాస్తాలు ఒకే బండిని అడిగినా, బెర్తు ఇచ్చే క్షణంలో కార్యక్రమం ఆ నమోదుకు తాళం వేసి, ఒకరి పని ముగిశాకే మరొకరికి తెరుస్తుంది. గణన శాస్త్రం దీనిని లాకింగ్ అంటుంది. రిజిస్టరు గంటల తరబడి ఒకరి చేతిలో ఉండే చోట ఇప్పుడు కనురెప్పపాటు ఉండి మరో చేతికి పోతోంది. ఏ కిటికీలోనైనా ఏ బండికైనా టికెట్ ఇవ్వడం ఇలా వీలైంది.

మద్రాసులో ఈ కొత్త ఏర్పాటుకు దొరికిన చోటుకు తనదైన చరిత్ర ఉంది. మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడు సర్ జార్జి మూర్ పేరిట 1900లో వెలసిన మూర్ మార్కెట్ సెంట్రల్ స్టేషను పక్కనే ఎర్రని గోడలతో ఉండేది. పాత పుస్తకాల దుకాణాలకు పేరుపొందిన ఆ చోట మద్రాసు తెలుగు చదువరులు అరుదైన సంపుటాల కోసం గంటలు గడిపేవారు. 1985 మేలో అది కాలిపోయింది. ఆ స్థలంలో రైల్వే కట్టిన బహుళ అంతస్తుల భవనానికి మూర్ మార్కెట్ కాంప్లెక్స్ అని పాతపేరే నిలిచింది. సబర్బన్ రైళ్ల ప్లాట్‌ఫారాలు, రిజర్వేషన్ కౌంటర్లు ఆ ప్రాంగణంలోకే వచ్చాయి. నగరం ఒక ప్రియమైన బజారును పోగొట్టుకున్నదన్న బాధను ఆ సౌకర్యం పూర్తిగా తీర్చలేదు. ఆ బాధ న్యాయమైనదే.

ఐదు నగరాల్లో ఐదు యంత్రాలు పెట్టడంతో పాత చిక్కు ఒకటి కొత్త రూపంలో తిరిగివచ్చింది. ప్రతి కేంద్రం తన ప్రాంతం బండ్ల లెక్క తానే ఉంచుకునేది; ఒకదాని మాట మరొకదానికి తెలియదు. మద్రాసులో ఉన్నవారు సికింద్రాబాదు యంత్రంలోని బండికి టికెట్ కొనాలంటే, ఆ యంత్రానికి ప్రత్యేకంగా తీగ కలిపిన కౌంటరు దగ్గరకే వెళ్లాలి. కిటికీల మధ్య గోడలు పడిపోయాయి గాని నగరాల మధ్య గోడలు నిలిచాయి. వాటిని దాటే పని 1986లో ఏర్పడిన రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం, అంటే క్రిస్, చేపట్టింది. అది తయారుచేసిన కాన్సర్ట్ అనే కార్యక్రమం 1994లో మొదట సికింద్రాబాదులో నడిచి, తర్వాత ఒక్కొక్కటిగా మిగతా కేంద్రాలకు వెళ్లింది. 1999 ఏప్రిల్ నాటికి ఐదు కేంద్రాలూ ఒకదానితో ఒకటి కలిశాయి. లెక్కలన్నీ ఒక్క చోటికి చేర్చే ఆలోచనకు పోకుండా, ఒక్కో బండి లెక్క ఒక్కో కేంద్రంలోనే ఉంచి, మిగతా కేంద్రాలు తీగ మీద అడిగి జవాబు పొందేలా దీన్ని కూర్చారు. బెజవాడకు తంతి పంపి జవాబు కోసం ఎదురుచూసిన రోజుల పద్ధతే ఇది. రోజులు పట్టిన జవాబు క్షణాల్లో వస్తోంది. మద్రాసు పేరు చెన్నైగా మారిన మూడేళ్లకు, తెలుగు గడ్డ మీద తొలిసారి నడిచిన కార్యక్రమం చెన్నై కిటికీలో టికెట్ ముద్రించసాగింది.

తర్వాతి కథ అందరికీ తెలిసినదే. 2002 ఆగస్టులో ఐ.ఆర్.సి.టి.సి. ఇంటర్నెట్ ద్వారా టికెట్ల అమ్మకం మొదలుపెట్టినప్పుడు టికెట్ కాగితం కొరియర్‌లో ఇంటికి వచ్చేది. 2005లో ఇంట్లోనే ముద్రించుకునే ఈ-టికెట్ వచ్చింది. ప్రజలు ఎప్పుడూ చూడని ఐదు కేంద్రాల లెక్క వెనక అలాగే నిలిచింది, కిటికీ మాత్రం మారింది. బోగీ తలుపు పక్కన చార్టు అతికించడం 2018 నుంచి పెద్ద స్టేషన్లలో ఆగిపోయింది. రాయపురం రైల్వే ముద్రణాలయం అచ్చువేసిన అట్ట టికెట్లు ఇప్పుడు సేకర్తల పెట్టెల్లో ఉన్నాయి.

రిజిస్టర్లు మాత్రం ఎక్కడా కనిపించవు. రైల్వే వాణిజ్య శాఖ పుస్తకాలకు నిలవ గడువు ఉంటుంది. గడువు తీరాక వాటికి చోటు దొరకదు. ఆ పుటలు నింపిన గుమాస్తాలలో, 1987లో కొత్తగా కొలువులో చేరినవారిలో కూడా చాలామంది ఇప్పుడు పదవీ విరమణ చేసి ఇళ్ల దగ్గర ఉన్నారు. వారి సీనియర్లు ఎనభై దాటారు. ఏ బండికి ఏ స్టేషనులో ఎన్ని బెర్తుల కోటా ఉండేదో, తంతి జవాబు రానప్పుడు ఏం చేసేవారో, తొలి రోజున తెర ముందు కూర్చున్నప్పుడు రిజిస్టరును ఎప్పుడు పక్కన పెట్టారో చెప్పగలవారు వారే. పెరంబూరులో 2002లో తెరిచిన రైల్వే మ్యూజియంలో ఇంజన్ల పక్కన ఒక రిజర్వేషన్ రిజిస్టరుకు, తేదీ వేసే ఒక ఇనుప యంత్రానికి, ఆ గుమాస్తాల మాటలకు చోటు ఇవ్వాలి. విజయవాడ, గుంతకల్లు, నెల్లూరు, తిరుపతి ఊళ్లలో ఇంటి పెద్దలుగా ఉన్న ఆ పాత బుకింగ్ గుమాస్తాల పిల్లలు, మనవలు వారి దగ్గర కూర్చుని, ఆ పని ఎలా జరిగేదో అడిగి, రాసి ఉంచాలి. ఆలస్యమైతే అడగడానికి ఎవరూ ఉండరు.